సంకెళ్లు వేసినవారిని క్షమించిన బకీతా



సుమారు 1869లో ఆఫ్రికాలోని సూడాన్ దేశంలో, దార్ఫూర్ ప్రాంతంలో దాజు తెగకు చెందిన ఒక కుటుంబంలో ఒక పాప పుట్టింది. ఆ రోజుల్లో అక్కడ మనుషులను పట్టుకుపోయి సంతలో అమ్మే వ్యాపారం జోరుగా సాగేది. ముందు ఆమె అక్కను ఎత్తుకుపోయారు. తర్వాత కొంతకాలానికి, ఏడెనిమిదేళ్ల వయసులో ఊరి పొలిమేరల్లో ఉన్న ఈమెను ఇద్దరు మనుషులు పట్టుకుపోయారు. భయంతో నోరు పెగలక తన పేరు కూడా చెప్పలేకపోయింది. వాళ్లే బకీతా అని పిలిచారు. అరబ్బీలో దానికి అర్థం అదృష్టవంతురాలు! అమ్మానాన్నలు పెట్టిన పేరు ఆమెకు మళ్లీ గుర్తు రాలేదు. బడి రిజిస్టరులో మన ఇంటిపేరు ఒక్క అక్షరం తప్పు పడితేనే సర్టిఫికెట్ కోసం ఎంత తిరుగుతామో మీకు తెలుసు. ఈ పాపకు పేరే పోయింది.

చెప్పులు లేని కాళ్లతో వందల కిలోమీటర్లు నడిపించి ఎల్ ఒబెయిద్ పట్టణానికి చేర్చారు. మధ్యలో మరో పిల్లతో కలిసి ఒకసారి పారిపోయింది. సాయం చేస్తానన్న మనిషే గొర్రెల దొడ్లో గొలుసుతో కట్టేసి మళ్లీ అమ్మేశాడు. మన ఏజెన్సీ ఊళ్లకు పట్నంలో పని ఇప్పిస్తామంటూ వచ్చే బ్రోకర్లు కూడా ఇలాగే మంచి మాటలతోనే వస్తారు, గుర్తుపెట్టుకోండి.

ఒక యజమాని కొడుకు కొట్టిన దెబ్బలకు నెలకు పైగా గడ్డి పరుపు మీద నుంచి లేవలేకపోయింది. తర్వాత ఒక టర్కీ సైన్యాధికారి ఇంటికి చేరింది. అక్కడ బానిసల ఒంటి మీద పచ్చబొట్లలా గుర్తులు వేయించడం ఇంటి గొప్పగా భావించేవారు. పిండితో గీతలు గీసి, వాటి వెంట కత్తితో కోసి, ఆ కోతల్లో ఉప్పు నింపి రుద్దారు. బకీతా ఒంటి మీద అలాంటి కోతలు 114. మన అవ్వల ముఖాల మీది పచ్చబొట్టుతో దీన్ని పోల్చకండి. అది మనవాళ్లు ఇష్టంగా వేయించుకున్న అందం. ఇది యజమాని వేసిన ముద్ర.

1883లో ఖార్టూమ్‌లో ఇటలీ వైస్ కాన్సల్ ఒకాయన ఆమెను కొన్నాడు. ఆ ఇంట్లో కొరడా లేదు. ఆయన తిరిగి వెళ్లేటప్పుడు తననూ తీసుకెళ్లమని బతిమాలింది. ఇటలీ చేరాక ఆయన స్నేహితుడి కుటుంబానికి ఇచ్చేశారు. అక్కడ మిమ్మినా అనే పసిపిల్లకు ఆయాగా ఉంది. ఆ ఎస్టేటు మేనేజరు ఆమె చేతిలో ఒక చిన్న వెండి సిలువ పెట్టాడు. కొరడా దెబ్బలు తిని, మేకులతో కొట్టబడి కూడా తనను చంపుతున్నవారిని క్షమించమని తండ్రిని వేడుకున్న యేసు గురించి తర్వాత వెనిస్ నగరంలో కనోసియన్ సిస్టర్ల దగ్గర వివరంగా నేర్చుకుంది. దెబ్బ అంటే ఏమిటో తెలిసిన దేవుడు ఆమెకు దొరికాడు.

ఇక్కడే చాలామంది తొందరపడి కథను దాటేస్తారు. బకీతా క్షమించింది, అంతే అంటారు. కాదమ్మా. యజమానురాలు సూడాన్‌కు తిరిగి తీసుకుపోవడానికి వస్తే, బకీతా రానని చెప్పింది. తను ఎంతో ప్రేమించిన మిమ్మినాను వదులుకోవలసి వచ్చినా సరే, రానంది. విషయం అధికారుల దాకా వెళ్లింది. ఇటలీ చట్టంలో బానిసత్వానికి చోటు లేదు కాబట్టి ఆమె స్వతంత్రురాలని 1889 నవంబరు 29న తేల్చారు. నన్నడిగితే, ఆమె క్షమాపణకు బలం ఆ రాననడంలోనే ఉంది. మన పిల్లలను ఎవరైనా అవమానిస్తే, పోనీలే క్షమించెయ్, కేసు వద్దు అని పెద్దమనుషులు సర్దిచెప్పడం నేను చాలాసార్లు చూశాను. తప్పు చేసినవాడి భయం తీర్చడానికి వాడే ఆ మాటకూ, పేతురుతో యేసు చెప్పిన డెబ్బై ఏడు మార్ల క్షమాపణకూ సంబంధం లేదు.

1890 జనవరి 9న బాప్తిస్మం తీసుకుని జోసెఫిన్ అనే పేరు పొందింది. 1896లో సిస్టర్‌గా మాట ఇచ్చింది. 1902 నుంచి స్కియో పట్టణంలోని కాన్వెంటులో వంట చేసింది, కుట్టుపని చేసింది, తలుపు దగ్గర వచ్చేపోయేవారిని పలకరించింది. నల్లని సిస్టర్ అని ఊరంతా ప్రేమగా పిలిచేవారు. తనను ఎత్తుకుపోయినవారు, హింసించినవారు ఇప్పుడు ఎదురైతే ఏం చేస్తారని అడిగితే, మోకరించి వాళ్ల చేతులు ముద్దుపెట్టుకుంటానని చెప్పేది. అదంతా జరగకపోతే తనకు యేసు తెలిసేవాడు కాదని ఆమె నమ్మకం. నిజం చెప్పాలంటే, ఈ మాట నాకు ఇప్పటికీ మింగుడుపడదు. ఆ 114 కోతలు దేవుడు రాసిన రాత అని నేను ఏ పిల్లకూ చెప్పలేను. కానీ ఆ మాట అన్నది కోతలు పడినామె. ఆమె తరఫున కోపం తెచ్చుకునే హక్కు మనకుంది గానీ, ఆమె చేత కోపం తెప్పించే హక్కు లేదు.

2000లో కతోలిక సంఘం ఆమెను పునీతగా ప్రకటించింది. ఆమె చనిపోయిన ఫిబ్రవరి 8ని 2015 నుంచి మనుషుల అక్రమ రవాణాకు వ్యతిరేకంగా ప్రార్థన దినంగా పాటిస్తున్నారు.

చివరి రోజుల్లో, 1947లో, జబ్బుతో కలవరిస్తూ ఆమె మళ్లీ సూడాన్‌కు వెళ్లిపోయింది. గొలుసులు బరువుగా ఉన్నాయి, కాస్త వదులు చేయమని పక్కనున్న నర్సును అడిగింది. ఆమె స్వతంత్రురాలై అప్పటికి 57 ఏళ్లు దాటింది.