ఏలికల ఆగ్రహమునకు గురియైన నవల

జాతి దుఃఖమును కథగా చెప్పినవానిపై, ఆ దుఃఖమునకు బాధ్యత వహింపవలసినవారు కినుక పూనుట లోకమున క్రొత్త కాదు. తెలుగునాట అట్టి కినుకకు రెండుమారులు గురియైన గ్రంథము “మాలపల్లి”. దాని రచయిత ఉన్నవ లక్ష్మీనారాయణగారు.

వీరు 1877 డిసెంబరు 4వ తేదీన గుంటూరు మండలమునందలి వేములూరుపాడున జన్మించిరి. తొలుత ఉపాధ్యాయులై, పిదప న్యాయవాదవృత్తిని చేపట్టిరి. వీరేశలింగం పంతులుగారి అడుగుజాడలలో వితంతు వివాహములకై గుంటూరున పాటుపడిరి. 1913లో బారిస్టరు చదువునకై ఐర్లండునందలి డబ్లిను నగరమునకు పోయిరి. పరపాలనలో నలిగిన ఆ చిన్నదేశము నాడు స్వాతంత్ర్యమునకై పెనుగులాడుచుండెను. 1917లో రష్యాయందు చెలరేగిన విప్లవముకూడ వారి ఆలోచనలపై గాఢముద్ర వేసెను.

1921లో పల్నాటి రైతులు అడవిలో పశువులను మేపుకొనుటకు విధించిన పుల్లరిపై తిరుగబడిరి. ఆ సందర్భమున లక్ష్మీనారాయణగారు నిర్బంధితులై రాయవెల్లూరు చెరసాల చేరిరి. “మాలపల్లి” అచ్చటనే రూపొందెను.

మంగళాపురమను పల్లెలో రామదాసను భక్తుని కుటుంబము ఆ కథకు ఆధారము. కూలివారి పక్షమున నిలిచిన కుమారుడు సంగదాసు భూస్వామి చేతిలో హతుడగును. మరియొక కుమారుడు వెంకటదాసు తిరుగుబాటుదారుడగును. అస్పృశ్యత, ఆకలి, చెరసాల మూడును కలసి ఒక కాపురమును కూల్చివేసిన తీరును రచయిత ప్రజలు మాటలాడు తెలుగులోనే చిత్రించిరి. అక్షరములు నేర్చిన ప్రతివాడును చదువుకొనదగిన భాష అది. ఏలికలను కలవరపెట్టిన కారణములలో అదియు నొకటి కావచ్చును.

1922లో అచ్చుపడిన కొలదికాలమునకే మద్రాసు ప్రభుత్వము గ్రంథమును నిషేధించెను. తరతరములుగా ఊరిబావి నీటికి నోచుకొనని వారి దుస్థితి ఆ ప్రభుత్వమునకు కోపము తెప్పింపలేదు. దానిని వర్ణించిన పుస్తకము తెప్పించెను. 1926లో శాసనసభయందు ఈ నిషేధముపై తీవ్రమైన చర్చ జరిగెను. 1928లో కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతి లభించెను.

1926లో స్థాపితమై, 1930లో విశాఖపట్టణమునందలి వాల్తేరునకు తరలిన ఆంధ్ర విశ్వవిద్యాలయము ఈ నవలను పాఠ్యగ్రంథముగా స్వీకరించెను. చెరసాలలో పుట్టిన గ్రంథము తరగతి గదిలో అడుగిడెను. సర్కారువారు దీనిని సహింపలేదు. గ్రంథమును అమ్మరాదనియు, పాఠ్యప్రణాళికనుండి తొలగింపవలెననియు 1936లో ఆజ్ఞలు వెలువడెను. పెద్దలు చదివి మరచిన పుస్తకమునకంటె, గురువు విప్పిచెప్పగా విద్యార్థి మనసున నాటుకొను పుస్తకము బలవత్తరమని వారు గుర్తించిరి కాబోలు! 1937లో రాజగోపాలాచారిగారి కాంగ్రెసు మంత్రివర్గము ఏర్పడిన పిమ్మటగాని ఆంక్షలు తొలగలేదు.

ఈ ఒడుదుడుకులలో రచయిత చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1922లో భార్య లక్ష్మీబాయమ్మగారితో కూడి గుంటూరున స్థాపించిన శారదానికేతనమున బాలికలకు విద్య గరపుచు, స్వాతంత్ర్యోద్యమమున మరల మరల చెరసాలకు పోవుచు కాలము గడపిరి. తమ గ్రంథమును నిషేధించిన పరపాలన అంతరించిన పిదప పదునొకండేండ్లు జీవించి, 1958 సెప్టెంబరు 25వ తేదీన కన్నుమూసిరి. నేడు “మాలపల్లి” చదువుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు. అందలి సంగదాసు అడిగిన న్యాయము పల్లెపల్లెకును చేరినదా అను ప్రశ్న మాత్రము, తరగతి గదిలో దానిని తెరచిన ప్రతి గురువునకును, ప్రతి విద్యార్థికిని ఎదురగుచునే యున్నది.