బానిసగా పుట్టి పుస్తకం రాసిన కౌబాయ్

ఈసారి గోడపత్రికలో నేను నాట్ లవ్ గారి జీవితం రాస్తున్నాను. ఆయన అమెరికాలో పశువులు తోలిన మనిషి. తర్వాత తన కథ తానే పుస్తకంగా రాసుకున్నాడు.

కౌబాయ్ అనగానే మనకు 1971లో వచ్చిన మోసగాళ్లకు మోసగాడు సినిమాలో కృష్ణ గారు గుర్తొస్తారు. టోపీ, గుర్రం, తుపాకీ. కానీ నిజం కౌబాయ్ అంటే జీతానికి పశువులు కాసేవాడు. వాళ్లలో నల్లజాతివాళ్లు చాలామంది ఉండేవారు. సినిమాల్లో మాత్రం వాళ్లు ఎక్కువగా కనపడరు.

నాట్ లవ్ 1854లో టెన్నెసీ రాష్ట్రంలో ఒక దొర తోటలో పుట్టాడు. ఆ దొర పేరు రాబర్ట్ లవ్. నాట్ ఇంటిపేరు కూడా ఆ దొరదే. తండ్రి శాంప్సన్ పొలం పని చూసేవాడు, తల్లి దొర ఇంట్లో వంట పని. కూలి లేదు, ఏమీ లేదు. బానిసలను సంతలో ఎడ్లను అమ్మినట్టు అమ్మేవారు. తల్లి ఒక చోటికి, బిడ్డ ఒక చోటికి పోవాల్సి వచ్చేది. బానిసలకు చదువు చెప్తే శిక్ష వేసే చట్టాలు కూడా దక్షిణాది రాష్ట్రాల్లో చాలా చోట్ల ఉండేవి. చదివితే ఎదురు అడుగుతారని దొరల భయం.

1861 నుంచి 1865 దాకా అక్కడ అంతర్యుద్ధం జరిగింది. 1865లో చట్టం మారి దేశమంతా బానిసత్వం పోయింది. స్వేచ్ఛ అయితే వచ్చింది గానీ భూమి రాలేదు, తిండి గింజలు రాలేదు, బడి రాలేదు. నాట్ వాళ్లు అదే దొర దగ్గర 20 ఎకరాలు కౌలుకు తీసుకొని మొక్కజొన్న, పొగాకు వేశారు. చీపుర్లు, చాపలు అల్లి అమ్ముకున్నారు. పని అయిపోయాక తండ్రి పిల్లలకు అక్షరాలు చెప్పేవాడు. తండ్రే వాళ్లకు బడి. అయితే ఆ తండ్రి తొందరగానే చనిపోయాడు.

నాట్ కూలికి పోయాడు. లొంగని గుర్రప్పిల్లల మీదెక్కి వాటిని మచ్చిక చేస్తే ఒక్కోదానికి 10 సెంట్లు ఇచ్చేవారు. అలా గుర్రాల పని నేర్చుకున్నాడు. 1869లో, పదిహేనేళ్లు కూడా నిండకుండానే, తల్లి చేతిలో కొంత డబ్బు పెట్టి పడమటి దేశానికి బయలుదేరాడు. అక్కడ టెక్సాస్ నుంచి మందను తోలుకొచ్చిన కౌబాయ్‌లను పని అడిగాడు. వాళ్లు పరీక్ష కోసం పొగరు గుర్రాన్ని ఇచ్చారు. అది ఎంత ఎగిరినా నాట్ కింద పడలేదు. నెలకు 30 డాలర్ల జీతంతో పని దొరికింది.

ఆ పని ఎట్లాంటిదో కొంచెం చెప్పాలి. టెక్సాస్‌లో పశువులు లక్షల్లో ఉండేవి, కొనేవాళ్లు లేరు. రైలు స్టేషన్లు దూరంగా కాన్సాస్‌లో ఉండేవి. అందుకని వేల పశువులను నెలల తరబడి నడిపించుకుంటూ వెళ్లేవారు. వాగులు దాటించాలి. రాత్రి వంతుల ప్రకారం కాపలా కాయాలి. ఉరుము ఉరిమితే మంద బెదిరి పరుగు తీస్తుంది. అప్పుడు చీకట్లోనే గుర్రం మీద ముందుకు పోయి మందను మళ్లించాలి. గుర్రం కాలు తప్పిందంటే మనిషి ఆ గిట్టల కిందే. సెలవుల్లో నేను మా పదకొండు ఆవులు కాస్తాను. గాలివాన వస్తే వాటినే ఆపలేను. వేల పశువులంటే ఎట్లా ఉంటుందో మీరే ఆలోచించండి.

1876 జూలై 4న డెడ్‌వుడ్ అనే ఊళ్లో పోటీ పెట్టారు. అడవి గుర్రాన్ని తాడేసి పట్టి, పడేసి, కట్టి, కళ్లెం, జీను వేసి ఎక్కాలి. నాట్ 9 నిమిషాల్లో ఎక్కేశానని తన పుస్తకంలో రాశాడు. అప్పటినుంచి డెడ్‌వుడ్ డిక్ అని పేరు వచ్చిందట. ఆ పేరు మాదే అని ఇంకా కొందరు కూడా చెప్పుకున్నారు. ఆయన రాసిన వాటిలో కొన్ని గొప్పలు ఉన్నాయని చరిత్ర చదివినవాళ్లు అంటారు.

నాకు వేరే మాట కూడా చెప్పాలని ఉంది. డెడ్‌వుడ్ ఉన్న నల్ల కొండలు లకోటా ఆదివాసులవి. ఆ కొండలు మీవే అని 1868లో ప్రభుత్వం ఒప్పందం రాసిచ్చింది. బంగారం బయటపడగానే మాట తప్పి, 1877లో లాగేసుకుంది. నాట్ గెలిచిన పోటీకి తొమ్మిది రోజుల ముందే లకోటాలు, వాళ్ల తోటివాళ్లు లిటిల్ బిగ్‌హార్న్ దగ్గర సైన్యాన్ని ఓడించారు. నాట్ పుస్తకంలో ఆదివాసులు ఎక్కువగా శత్రువులుగానే కనపడతారు. ఒకసారి వాళ్లు తనను పట్టుకొని, గాయాలు మాన్పి, తమలో కలుపుకున్నారని, తాను పారిపోయి వచ్చానని రాశాడు. బానిసగా బాధపడినవాడు కూడా వాళ్ల బాధ రాయలేదు. అది చదివినప్పుడు నాకు కష్టం అనిపించింది.

తర్వాత రైళ్లు అన్ని చోట్లకీ వచ్చాయి, ముళ్ల కంచెలు వేశారు, మందలు తోలే పని తగ్గిపోయింది. నాట్ 1889లో పెళ్లి చేసుకొని, 1890లో రైళ్లలో ప్రయాణికులకు పక్కలు వేసే, సామాను మోసే ఉద్యోగంలో చేరాడు. 1907లో తన పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఆయన ఫోటో ఉంది. టోపీ, తాడు, జీను, తుపాకీతో నిలబడి ఉంటాడు. 1921లో లాస్ ఏంజెల్స్‌లో చనిపోయాడు.

వేలమంది నల్లజాతి కౌబాయ్‌లు పని చేశారు. వాళ్లలో చాలామంది పేర్లు కూడా మిగలలేదు. నాట్ రాశాడు కాబట్టి ఆయన మిగిలాడు. మా తాత నరికి సాగు చేసిన చేను వేరేవాళ్ల పేరు మీదకు ఎట్లా పోయిందో మా అవ్వ చెప్తుంది. ఆ మాట ఏ కాగితం మీదా లేదు. వేలిముద్ర మాత్రమే ఉంది. మా ఇంట్లో అక్షరం వచ్చింది నాకే. కాబట్టి అది నేను రాయాలి. మీ ఇళ్లలో కూడా అడగండి. ఈ పండగ సెలవులకు పోయినప్పుడు ఒక నోటుబుక్కు తీసుకుపోండి.

— 9వ తరగతి విద్యార్థిని