వజ్రాన్ని ధ్వనితో కొలిచిన ఆచార్యుడు – సూరి భగవంతం

మన సూరత్‌లో వజ్రమంటే తెలియని పిల్లలుండరు. వరాఛా, కతార్‌గామ్ వీధుల్లో దాన్ని సానపట్టే చేతులు వేలకు వేలు. ఆ వజ్రం లోపలి గుట్టును లెక్కల్లోకి తెచ్చిన తెలుగువారు ఆచార్య సూరి భగవంతం గారు.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టం పుచ్చుకుని, 1928లో కలకత్తా వెళ్లి సి.వి.రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఫలితం వెలుగు చూసింది ఆ ఏడాదే. 1931లో గురుశిష్యులిద్దరూ కలిసి, కాంతి కణమైన ఫోటాన్‌కు సహజమైన భ్రమణం ఉందని చూపే ప్రయోగాన్ని ప్రకటించారు.

తరువాత వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. ఒక స్ఫటికం ఏ దిశలో ఎంత గట్టిగా నిలుస్తుందో చెప్పడానికి 21 స్థిరాంకాల దాకా కావాలి. వజ్రంలో పరమాణువుల పొందిక వల్ల 3 చాలు. భగవంతం గారు భీమసేనాచార్ గారితో కలిసి, చెవికి అందని అతిధ్వని తరంగాలను వజ్రంలోకి పంపి, వాటి వేగాన్ని బట్టి ఆ మూడింటినీ కొలిచారు. 1946లో ఆ పరిశోధనను లండన్ రాయల్ సొసైటీ ప్రచురించింది.

ఆ గట్టిదనానికి ఈనాడు కొత్త విలువ వచ్చింది. ఎలక్ట్రాన్ ఒకేసారి రెండు స్థితుల కలయికలో ఉండగలదు. చుట్టూ ఉన్న కోటానుకోట్ల పరమాణువుల అలజడి సోకితే ఆ కలయిక చెదిరిపోతుంది. దీన్నే డీకోహెరెన్స్ అంటారు. క్వాంటం కంప్యూటర్లకు పెద్ద అడ్డంకి ఇదే. వజ్రంలో పరమాణువుల పట్టు బిగువు. మామూలు గది వేడిలో కూడా వాటి అదురు తక్కువ. అందుకే వజ్రంలో నత్రజని చేరిన ఒక లోపం దగ్గర ఎలక్ట్రాన్ స్థితి సెకనులో వెయ్యో వంతు దాకా నిలవగలదు. మనకది కన్ను మూసి తెరిచేంత కూడా కాదు, శాస్త్రజ్ఞులకు మాత్రం పెద్ద గడువు. బజారులో లోపమనుకునేది ప్రయోగశాలలో సంపద అయింది.

భగవంతం గారు 1952 నుంచి 57 వరకు ఉస్మానియా ఉపకులపతిగా, 1962 వరకు బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ సంచాలకులుగా, ఆపైన 1969 దాకా ఢిల్లీలో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. ఢిల్లీ బాధ్యతల నడుమే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవంపై ఆయన గ్రంథం వెలువడింది. 1989లో కన్నుమూశారు.

మేము బదిలీల మీద ఊరూరా తిరిగేవాళ్లం. మీలో చాలామందీ అంతే. కొత్త ఊరు, కొత్త బడి వచ్చినప్పుడల్లా పట్టిన చదువు తెగిపోతుందేమోనన్న దిగులు మాకు తెలుసు. కలకత్తా నుంచి ఢిల్లీ దాకా ఆయన ఎన్ని ఊళ్లు మారినా స్ఫటికాన్ని వదల్లేదు. పిల్లలూ, మీరు వదలకూడనిది ఏమిటో ఇప్పుడే ఎంచుకోండి.