విశాఖ చేపలకు గ్రంథం కట్టిన స్కాట్లాండ్ వైద్యుడు

విశాఖపట్నం: నల్లచందువ, తెల్లచందువ, సావడ, గొరక, సొర... విశాఖ తీరంలో మత్స్యకారుల నోట నానే ఈ పేర్లు 1803లోనే లండన్‌లో అచ్చెక్కాయంటే నమ్మశక్యం కాదు. ఆ పని చేసినవాడు ప్యాట్రిక్ రస్సెల్. విషసర్పం పేరుతో ఆయన లోకానికి తెలుసు. మన చేపలకు ఆయన చేసిన మేలు మాత్రం ఈ జిల్లాలోనే చాలామందికి తెలియదు.

రస్సెల్ 1726లో ఎడిన్‌బరోలో జన్మించారు. వైద్యం చదివి సిరియాలోని అలెప్పో నగరానికి వెళ్లి, అక్కడి ఆంగ్ల వర్తకులకు వైద్యునిగా పనిచేశారు. 1760లో ప్లేగు విరుచుకుపడినప్పుడు నగరం విడువక రోగులను పరిశీలించి, ఆ అనుభవంతో 1791లో ఒక బృహద్గ్రంథం ప్రకటించారు. 1777లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది.

ఈస్టిండియా కంపెనీ తరఫున విశాఖపట్నం పాలనకు నియమితుడైన తమ్ముడు క్లాడ్‌కు తోడుగా 1781లో ఆయన భారతదేశానికి బయలుదేరారు. అప్పటికి వయస్సు యాభై అయిదు. బ్రహ్మచారి. మరొకరైతే విశ్రాంతి కోరుకునే ఈడులో కోరమండల్ తీరపు మొక్కలను, పాములను, చేపలను సేకరించడం మొదలుపెట్టారు. కంపెనీ ప్రకృతి శాస్త్రవేత్త కోనిగ్ 1785లో మరణించగా ఆ పదవి రస్సెల్‌కు దక్కింది. పాముకాటు మరణాలు ఆయనను కలచివేశాయి. ఏ పాము విషపూరితమో, ఏది కాదో సామాన్యుడు గుర్తించే మార్గం కోసం వెతికారు. విషపు తీవ్రతను జంతువులపై పరీక్షించారు. తెలుగువారు కాటుకరేకుల పొడ అని పిలుస్తారని ఆయన నమోదు చేసిన రక్తపింజరికి 1797లో ఆయన పేరే పెట్టారు.

ఇక చేపల సంగతి. నీటి నుంచి తీసిన చేప రంగు గంటల్లో మాసిపోతుంది, ఆపై కుళ్లుతుంది. పామును ఎండబెట్టి దాచినంత సులువు కాదు. అందుకే స్థానిక చిత్రకారుల చేత బొమ్మలు గీయించి, పక్కనే రెక్కల ముళ్ల లెక్క, పొలుసుల తీరు, రంగు రాసుకున్నారు. ఇంగ్లండ్‌కు 1789లో తిరిగి వెళ్లాక పద్నాలుగేళ్లకు, కంపెనీ ఆధ్వర్యంలో రెండు సంపుటాలు వెలువడ్డాయి. అందులో ఎన్నో చేపలకు శీర్షికగా నిలిచింది లాటిన్ పేరు కాదు, తెలుగు పేరే. ఆంగ్లలిపిలో వంకరటింకరగా ఉన్నా మన చెవికి ఇట్టే పట్టుబడుతుంది.

ఆ పేర్లలోనే ఒక వర్గీకరణ దాగి ఉంది. పాలసొర, కొమ్ముసొర అన్నప్పుడు సొర అనేది ఇంటిపేరు వంటిది, ముందున్న మాట ఆ చేప గుర్తు. అయితే జాలరి లెక్క, శాస్త్రజ్ఞుని లెక్క అన్నిచోట్లా ఒకటి కావు. నల్లచందువే ఉదాహరణ. ఆకారంలో తెల్లచందువను పోలినందున ఆ పేరు వచ్చింది. నాటి లిన్నేయస్ పద్ధతి పొట్ట కింది జత రెక్కలు ఎక్కడున్నాయో చూసి చేపలను విభజించేది. ఎదిగిన చందువలకు ఆ రెక్కలు ఉండవు కనుక పాములవంటి మలుగు చేపలతో పాటు ఒకే వర్గంలో చేర్చారు. కాని నల్లచందువ పిల్లకు ఆ రెక్కలు ఉంటాయి, పెరిగే కొద్దీ మాయమవుతాయి. తోక మొదట గట్టి పలకల వరుస కూడా ఉంటుంది. ఈ లక్షణాల వల్ల నేటి శాస్త్రం దానిని పార చేపల కుటుంబంలో చేర్చింది. వంటింట్లో మాత్రం అది చందువే, ధర అడిగేటప్పుడు ఎవరూ కుటుంబం అడగరు.

ఫ్రాన్స్‌కు చెందిన క్యువియే ఈ గ్రంథాన్ని విరివిగా వాడుకున్నారు. రస్సెల్ బొమ్మనే ఆధారం చేసుకుని గొరకకు గువోరాకా అన్న శాస్త్రీయ నామం 1829లో స్థిరపరిచారు. ఆ కుటుంబపు చేపలు గొంతులోని పళ్లు రాపాడించి గుర్రుమంటాయి, పేరుకు మూలం అదేనేమోనని తెలుగువాడికి తోస్తుంది. సావడ పేరు కూడా సవాలా రూపంలో శాస్త్ర గ్రంథాలకెక్కింది.

ఆ బొమ్మల కోసం చేపలు పట్టి తెచ్చి, పేరు చెప్పిన జాలరులు ఎవరో చరిత్రకెక్కలేదు. పెద్దల జాబితాలో వారి పేర్లూ ఉండవలసింది.

రస్సెల్ 1805 జూలై 2న లండన్‌లో కన్నుమూశారు. పాములపై ఆయన రెండో సంపుటం 1809లో గాని పూర్తి కాలేదు. పగడపు దిబ్బలను ఆశ్రయించి బతికే ఒక చేపను 1849లో డచ్చి శాస్త్రజ్ఞుడు బ్లీకర్ కొత్త జాతిగా గుర్తించి, రస్సెల్ పేరు పెట్టారు. రాళ్ల చెలమల్లో, దిబ్బల అంచున తిరిగే ఆ చేప ఒంటిపై, వీపు రెక్క కింద ఒక నల్లని మచ్చ ఉంటుంది.