తల్లికి చదువు, బిడ్డకు నీడ: దుర్గాబాయి దేశ్‌ముఖ్

1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల సందర్భంగా, ప్రదర్శనశాల వాకిట టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూను ఆపివేసిన బాలికగా దుర్గాబాయి ఆంధ్రులందరికీ సుపరిచితురాలు. ఆ సంఘటన ఆమె కర్తవ్యదీక్షకు తార్కాణం. అయితే ఆమె జీవిత సాధన ఆ ఒక్క ఘట్టంలో ఇమిడేది కాదు. మదరాసు మహానగరంలో ఆదరువు లేని తల్లులకూ, వారి బిడ్డలకూ విద్య, వైద్యం, ఆశ్రయం కల్పించిన ఒక మహాసంస్థను నెలకొల్పడమే ఆమె జీవితంలోని అసలైన మహత్కార్యం.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమహేంద్రవరంలో జన్మించారు. తల్లి కృష్ణవేణమ్మ, తండ్రి రామారావు. ఎనిమిదవ ఏటనే ఆమెకు వివాహం జరిగింది. ఊహ తెలిసిన పిమ్మట ఆ బంధంలో కొనసాగలేనని భర్తకు స్పష్టం చేసి, ఆయన పునర్వివాహానికి సమ్మతించి, ఆమె పుట్టింటనే నిలిచారు. పన్నెండవ ఏట ఆంగ్లమాధ్యమ బోధనకు నిరసనగా పాఠశాల విడిచారు. బడి మానినా చదువు మానలేదు. హిందీ అభ్యసించి, తాను నేర్చినదానిని తోటి ఆడపిల్లలకు బోధించడానికి ఒక చిన్న పాఠశాల తెరిచారు.

1930లో మదరాసులో ఉప్పు సత్యాగ్రహంలో పాల్గొని ఆమె కారాగారం పాలయ్యారు. 1933 నాటికి మూడు పర్యాయాలు శిక్ష అనుభవించారు. మధుర చెరసాలలో ఏకాంత నిర్బంధం ఆమె ఆరోగ్యాన్ని కృంగదీసింది. అయినా ఆమె మనస్సును ఎక్కువగా కలచివేసింది తన బాధ కాదు. అక్కడి స్త్రీ ఖైదీల దైన్యం. అక్షరజ్ఞానం లేక, చట్టం తెలియక, తమ పక్షాన పలికే దిక్కులేక చేయని నేరాలను సైతం నెత్తిన వేసుకొన్నవారు వారిలో ఉన్నారు. న్యాయశాస్త్రం చదవాలనే సంకల్పం ఆమెలో అక్కడే అంకురించింది.

అందుకు మెట్రిక్యులేషన్ నుండి ఆరంభించవలసివచ్చింది. ఇరవై ఏళ్లు దాటిన తరువాత కాశీ హిందూ విశ్వవిద్యాలయ పరీక్షకు కూర్చొని ఉత్తీర్ణులయ్యారు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో స్త్రీలకు వసతిగృహం లేదన్న కారణం ప్రవేశానికి అడ్డు వచ్చినప్పుడు, చదువుకోగోరు యువతులు ముందుకు రావలసిందిగా పత్రికలో ప్రకటన వేసి, వచ్చినవారితో తామే వసతిగృహం ఏర్పరచుకొన్నారు. అక్కడ రాజనీతిశాస్త్రంలో బి.ఏ. ఆనర్సు పట్టం పొంది, 1942లో మదరాసులో న్యాయశాస్త్ర పట్టభద్రులై న్యాయవాద వృత్తి చేపట్టారు.

ఈ చదువు సాగుతూండగానే, 1937లో, ఆంధ్ర మహిళా సభ రూపుదిద్దుకొంది. మైలాపూరులో ఇరుగుపొరుగు బాలికల కోసం నడచిన చిన్న బృందం దానికి బీజం. పిల్లల వెంట తల్లులు రాసాగారు. వారిలో వితంతువులు, భర్త విడిచినవారు, బాల్యంలోనే చదువు ఆగిపోయినవారు ఎందరో. చంకన బిడ్డ ఉన్న స్త్రీని మరల ఒకటవ తరగతిలో కూర్చోబెట్టి పదేళ్లు ఆగమనడం సాధ్యం కాదని దుర్గాబాయికి స్వానుభవం చెప్పింది. అందుచేత కొద్దికాలపు గట్టి శిక్షణతో వారిని కాశీ మెట్రిక్యులేషన్‌కు సిద్ధం చేసే తరగతులు వెలిశాయి. పరీక్ష నెగ్గినవారికి ఉపాధ్యాయినిగానో, నర్సుగానో నిలదొక్కుకొనే దారి ఏర్పడింది.

ఆమె తొలి భర్త మరణించినపుడు ఆయన రెండవ భార్య నిరాధార అయింది. ఆ స్త్రీకి ఆశ్రయమిచ్చి, సభలోనే శిక్షణ ఇప్పించి, స్వయంపోషకురాలిని చేసినవారు దుర్గాబాయియే. ఇతరులు శత్రుత్వానికి కారణంగా ఎంచే బాంధవ్యం ఆమెకు బాధ్యతగా తోచింది.

1946లో మదరాసు వచ్చిన గాంధీజీ సభ భవనానికి శంకుస్థాపన చేశారు. క్రమంగా ప్రసూతి వైద్యం, నర్సుల శిక్షణ, వసతిగృహం, చేతిపనుల విభాగం, పిల్లల పాఠశాల సమకూడాయి. పోలియో సోకిన చిన్నారుల కోసం ఈశ్వరీ ప్రసాద్ దత్తాత్రేయ ఆర్థోపెడిక్ కేంద్రం వెలసింది. ఒక్కొక్క విభాగమూ ఒక్కొక్క కుటుంబపు కష్టానికి సమాధానమే.

రాజ్యాంగసభలో సభ్యురాలిగా, పిదప ప్రణాళికా సంఘ సభ్యురాలిగా ఆమె దేశసేవ చేశారు. 1953 జనవరిలో ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను వివాహమాడారు. అదే సంవత్సరం ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి తొలి అధ్యక్షురాలయ్యారు. మదరాసులో పరీక్షించి చూసిన పద్ధతులే ఇక్కడ దేశవ్యాప్తమయ్యాయి. బాల్వాడీలు, ప్రసూతి సేవలు పల్లెలకు చేరాయి. వయోజన స్త్రీల సంక్షిప్త విద్యాకోర్సులు 1958లో మండలి పథకమయ్యాయి. కుటుంబ తగవులకు ప్రత్యేక న్యాయస్థానాలు కావాలని ఆమె చేసిన ప్రతిపాదన, ఆమె మరణానంతరం, 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టంతో నెరవేరింది.

1975లో పద్మవిభూషణ్ అందుకొన్న దుర్గాబాయి 1981 మే 9న కీర్తిశేషులయ్యారు. చెన్నైలో ఆమె నెలకొల్పిన సభ ఉన్న వీధి ఇప్పుడు ఆమె పేరనే పిలువబడుతున్నది. ఆ దారిన పోయే విద్యార్థి ఒక్క విషయం గుర్తుంచుకోవాలి. పన్నెండవ ఏట బడి విడిచిన ఒక బాలిక, తనకు తెగిపోయిన దారిని తాను దాటిపోవడమే గాక, వెనుక వచ్చే వేలాది తల్లులకు దానిని బాగుచేసి ఇచ్చింది. తల్లి నిలబడితే బిడ్డ నిలబడుతుందన్నది ఆమె జీవితం చెప్పే పాఠం.