క్నుద్ రాస్ముసెన్

క్నుద్ రాస్ముసెన్ 1879లో గ్రీన్‌లాండునందలి ఇలులిస్సాట్‌లో జన్మించెను. తల్లి వంశమున ఆ సీమ ఆదివాసులగు ఇనూయిట్ల రక్తము కలదు. బాల్యముననే వారి భాషయు, కుక్కల బండి తోలుటయు నేర్చెను, బడిచదువు తరువాతిది.

1910లో మిత్రునితో కలసి వాయవ్య తీరమున తూలే అను అంగడి నెలకొల్పెను. వేటగాండ్రు నక్కతోళ్లు తెచ్చి తుపాకులు, కత్తులు కొనిపోవుచుండిరి. ఆ లాభమే అతని యాత్రలకు ఆధారము. 1921-24 నడుమ కుక్కబండిపై అలాస్కా వరకు పోయి ఇనూయిట్ల గాథలు సేకరించెను.

కాని నక్కలు నశించినచో వేటగాండ్ర గతి యేమి? మంచు ఎప్పుడు గట్టిపడునో, మృగములు ఎప్పుడు ఈనునో వారే ఎరుగుదురు. కావున 1927లో వారి ప్రతినిధులతో సభ నేర్పరచెను. 1929 నాటి తూలే శాసనములు వేటకు నియమములు విధించెను. నక్కతోళ్లతో బ్రతుకు అంగడివాడే నక్కవేటకు హద్దు కోరుట వింతయే! 1933లో అతడు మరణించెను, సభ కొనసాగెను.