ఆల్‌ఫ్రెడ్ బినే

పరీక్షాఫలములు వెలువడినప్పుడెల్ల మార్కులనుబట్టి బాలబాలికల బుద్ధిని నిర్ణయించుట మనకు వాడుక. ఆ యంకెల విలువ యెంతయో తెలిసికొనుటకు బినేగారి చరిత్రము మనకు తోడ్పడును.

ఈయన 1857వ సంవత్సరము జూలై 8వ తేదీన నీస్ నగరమున జన్మించెను. న్యాయశాస్త్రమును విడిచి మనస్తత్త్వశాస్త్రమునందు కృషి చేసెను. వశీకరణవిద్యనుగూర్చి తాను ప్రకటించిన ఫలితములు తప్పులని తేలగా, దానిని బహిరంగముగా నొప్పుకొనెను. పిమ్మట తన యిద్దరు కుమార్తెల యాలోచనారీతులను ఓపికతో పరిశీలించెను.

చదువులో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేకబోధన యేర్పరచుటకై 1904లో ఫ్రెంచి ప్రభుత్వము నియమించిన సంఘమున ఈయన సభ్యుడు. 1905లో సీమోన్ అను వైద్యునితో గూడి 30 అంశముల పరీక్షను గూర్చెను. 1908లో వానిని వయస్సులవారీగా నమర్చెను. ఒక వయస్సు పిల్లలలో ఎక్కువమంది చేయగలిగినదే ఆ వయస్సునకు కొలత. ఎనిమిదేండ్ల బాలుడు ఆరేండ్లవారికి తగినవి మాత్రమే చేయగలిగినచో నాతని మానసిక వయస్సు 6.

బినే 1911 అక్టోబరు 18న మరణించెను. మరుసటి యేట స్టెర్న్ అను జర్మను పండితుడు మానసిక వయస్సును నిజమైన వయస్సుచే భాగింపవలెననెను. 1916లో అమెరికాయందు టెర్మన్ ఆ ఫలమును 100చే హెచ్చించెను. పై బాలునకు వచ్చునది 75.

అయితే బుద్ధి మార్పులేనిదని బినే తలపలేదు. అభ్యాసముచే నది వృద్ధియగునని నమ్మెను. ఆయన పరీక్ష సాయము కావలసిన బిడ్డను కనుగొనుటకే గాని, వానిపై ముద్ర వేయుటకు గాదు. తలిదండ్రులును, ఉపాధ్యాయులమైన మేమును మార్కులపట్టికను చేతబట్టినప్పుడు ఈ సంగతిని మరువరాదు.